గుండెపోటుకు ఇంజెక్షన్ ఇచ్చాక మళ్లీ స్టెంట్ ఎందుకు? నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లి ఉంటే సరిపోయేదా?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. మీ నాన్నగారికి 58 ఏళ్లు. తెల్లవారుజామున మూడున్నరకి ఛాతీలో బరువు, ఒళ్లంతా చమటలు. నాలుగున్నరకల్లా దగ్గరి పట్టణంలో ఆసుపత్రికి చేర్చారు. అక్కడ ఈసీజీ తీసి గుండెపోటన్నారు, మీ చేత సంతకం పెట్టించుకుని గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు. గంటలోపే నొప్పి చాలావరకు తగ్గింది. తర్వాత అంబులెన్స్‌లో మూడు గంటల దారి అయిన హైదరాబాద్ పంపారు. మర్నాడు యాంజియో (గుండె నాళాల్లో అడ్డు ఎక్కడుందో చూసే పరీక్ష) చేసి స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం) వేశారు. ఇంకో నాళంలో 70 శాతం బ్లాక్ ఉందని, దాని సంగతి తర్వాత చూద్దామని చెప్పారు. ఇప్పుడు మీ బావగారు "నేరుగా హైదరాబాద్ తీసుకెళ్లి ఉంటే స్టెంట్‌తోనే సరిపోయేది, ఆ ఇంజెక్షన్ డబ్బులు దండగ" అంటున్నారు. ఆ మాట మిమ్మల్ని తొలుస్తోంది.

సూటిగా చెప్తాను. ఆ ఇంజెక్షన్ దండగ కాదు. మీరున్న దూరానికి ఆ పూట చేయాల్సిన వైద్యం అదే. మర్నాడు వేసిన స్టెంట్ కూడా దండగ కాదు. రెండూ ఒకే వైద్యంలో రెండు భాగాలు. మొదటిది లేకుండా మూడు గంటలు ప్రయాణం చేసి ఉంటే మీ నాన్నగారి గుండె కండరం ఇంకా ఎక్కువ పోయేది. ప్రాణమే పోయి ఉండవచ్చు కూడా. మీరు చేసింది తప్పు కాదు. ముందు ఆ భారం దించుకోండి.

నేను రాయలసీమలో ఒక పట్టణంలో 19 ఏళ్లుగా ఫిజీషియన్‌గా పనిచేస్తున్నాను. కార్డియాలజిస్టుని కాను, స్టెంట్ వేసేది నేను కాదు. నొప్పితో వచ్చిన మనిషికి మొదటి ఈసీజీ తీసి, ఆ మొదటి గంటలో ఏం చేయాలో తేల్చాల్సిన చోట ఉన్నవాణ్ని. మాకు క్యాథ్‌ల్యాబ్ (యాంజియో చేసి స్టెంట్ వేసే చోటు) అంటే తిరుపతే. ఘాట్ దిగి వెళ్లాలి, రాత్రిపూట రెండున్నర గంటలు. అందుకే మీ బావగారి ప్రశ్న నాకు కొత్త కాదు. నెలకి రెండు మూడుసార్లైనా ఎమర్జెన్సీ గుమ్మంలో ఇదే మాట వింటాను.

ముందు అసలు జరిగేదేమిటో చెప్పాలి. గుండె నిండా రక్తమే ఉన్నా, దాని కండరానికి రక్తం అందేది పైన పాకిన నాళాల ద్వారానే. ఆ నాళాల గోడలో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఒకరోజు దాని పైపొర చిట్లుతుంది. చెయ్యి తెగితే రక్తం గడ్డకట్టినట్టే అక్కడా గడ్డ కడుతుంది. నిమిషాల్లో నాళం మూసుకుపోతుంది. "నిన్న సాయంత్రం కూడా పొలానికి వెళ్లొచ్చాడు సార్" అని ఇంటివాళ్లు ఆశ్చర్యపోయేది ఇందుకే. నిన్న అక్కడ సగం కూడా మూసుకుని ఉండకపోవచ్చు.

ఇలా గడ్డే నాళాన్ని మూసేస్తుందన్నది ఒకప్పుడు డాక్టర్లకే ఖాయంగా తెలియదు. గుండెపోటు వల్ల గడ్డ కడుతోందా, గడ్డ వల్ల గుండెపోటు వస్తోందా అని వాదించుకునేవారు. 1980లో అమెరికాలో డీవుడ్ అనే డాక్టరు బృందం గుండెపోటు వచ్చిన గంటల్లోనే యాంజియో తీసి చూపించింది. నాలుగు గంటల్లోపు తీసినవాళ్లలో నూటికి 87 మందికి నాళం పూర్తిగా మూసుకుని ఉంది. అప్పట్నుంచి వైద్యం ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది: ఆ దారి ఎంత తొందరగా తెరవగలం?

మూసుకున్న వెంటనే కండరమంతా చావదు. కాలవకి అడ్డం పడితే ముందు ఎండేది చివరి మడి కదా, ఇక్కడా అంతే. గుండె గోడలో లోపలి పొర చివరి మడి లాంటిది. ముందు అది పోతుంది. తర్వాత గంట గంటకీ చావు బయటి పొర వైపు పాకుతుంది. మొదటి రెండు మూడు గంటల్లో నీళ్లు వదిలితే పంట చాలావరకు నిలబడుతుంది. ఆరు గంటలయ్యాక మిగిలేది తక్కువ. పన్నెండు గంటలు దాటాక ఇంజెక్షన్‌తో ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు, రక్తస్రావం ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది. చచ్చిన కండరం మళ్లీ మొలవదు. అక్కడ మచ్చ కడుతుంది. "పంపింగ్ 30 శాతమే ఉంది" అని రిపోర్టులో చూసేది ఆ మచ్చనే.

దారి తెరవడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి మందు, అంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్. రెండోది మణికట్టు నుంచో తొడ నుంచో సన్నటి తీగ పంపి, బెలూన్‌తో తెరిచి స్టెంట్ పెట్టడం. రెండూ ఒకే సమయానికి దొరికితే స్టెంటే మేలు. ఇందులో మీ బావగారి మాట నిజమే. 2003లో 23 అధ్యయనాలను, ఏడున్నర వేలకు పైగా రోగులను కలిపి చూసినప్పుడు కూడా అదే తేలింది. చావులు తక్కువ, మళ్లీ గుండెపోటు తక్కువ, మెదడులో రక్తస్రావం తక్కువ. హైదరాబాద్‌లో క్యాథ్‌ల్యాబ్ ఉన్న ఆసుపత్రికి పావుగంట దూరంలో మీరు ఉండి ఉంటే, మీ నాన్నగారికి ఇంజెక్షన్ ఇవ్వాల్సిన పనే లేదు.

కానీ మీరు అక్కడ లేరు. ప్రపంచమంతా పాటించే లెక్క ఒకటుంది. ఈసీజీలో గుండెపోటు అని తేలిన క్షణం నుంచి మూసుకున్న నాళంలోకి తీగ దూరేదాకా 120 నిమిషాల్లో అవుతుందనుకుంటే స్టెంట్‌కే పంపాలి. అవదనుకుంటే, ఇంజెక్షన్‌కి అడ్డంకులేమీ లేకపోతే, ఉన్నచోటే ఇంజెక్షన్ ఇవ్వాలి. అమెరికా పద్ధతిలో ఆసుపత్రికి వచ్చిన అరగంటలోపు, యూరప్ పద్ధతిలో గుండెపోటని తేలిన పది నిమిషాల్లోపు.

"తీగ దూరేదాకా" అన్న మాట గమనించండి. ఆసుపత్రి గేటు దాకా కాదు. ఇంటివాళ్లందరూ పొరపడేది ఇక్కడే. మీ దారి మూడు గంటలు. దానికి ముందు అంబులెన్స్ మాట్లాడుకుని, మనిషిని ఎక్కించడానికి అరగంట. అక్కడికి చేరాక మళ్లీ ఈసీజీ, రక్తపరీక్షలు, కౌంటర్ దగ్గర కార్డు, సంతకాలు. రాత్రయితే క్యాథ్‌ల్యాబ్ మనుషులు ఇళ్ల నుంచి రావాలి. ఎంత చురుకైన చోటైనా ఇంకో ముప్పావుగంట. అంటే నాలుగున్నరకి ఈసీజీ తీసిన మనిషికి నాళం తెరుచుకునేది తొమ్మిదింటికి. నొప్పి మొదలై అప్పటికి ఐదున్నర గంటలు. ఇంజెక్షన్ ఇచ్చిన చోట ఐదింటికే మందు రక్తంలో కలిసింది. మీ నాన్నగారికి గంటలోపు నొప్పి తగ్గిందని మీరే రాశారు. మందు పనిచేసిందని దాన్నిబట్టి చాలావరకు అనుకోవచ్చు.

ఒక మనిషి గురించి చెప్తాను. టమాటా మండీలో హమాలీ, 46 ఏళ్లు. తెల్లవారుజామున నాలుగింటికి లారీకి క్రేట్లు ఎక్కిస్తుంటే రొమ్ము మధ్యలో బిగపట్టింది. నరం పట్టిందనుకున్నాడు. తోటి హమాలీ వీపు రుద్దబోయి, చొక్కా చూసి ఆగిపోయాడట. చలికాలం, చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది. మండీలో ఆటో ఎక్కించి నలభై నిమిషాల్లో నా దగ్గరికి తెచ్చారు. ఈసీజీ కాగితం మిషన్‌లోంచి బయటికి వస్తుంటేనే తెలిసిపోయింది. మామూలుగా చిన్న ముల్లులా లేచి కిందికి దిగాల్సిన గీత, దిగకుండా పుట్టలా ఉబ్బి ఉంది. గుండె ముందు గోడ మొత్తం.

మనిషి బరువు అడిగితే తెలియదన్నాడు. బస్తాల కాటా మీద ఎప్పుడో ఎక్కితే 64 వచ్చిందన్నాడు. గడ్డ కరిగించే మందుల్లో ఒకటైన టెనెక్టెప్లేజ్ మోతాదు బరువును బట్టే ఉంటుంది. 60 కిలోల లోపు 30 మిల్లీగ్రాములు, అక్కడి నుంచి పది కిలోలకి ఐదు చొప్పున పెరిగి 50 దగ్గర ఆగుతుంది. ఇతనికి 35. పొడిలో నీళ్లు కలిపాక సీసాని ఆడించకూడదు, నురగ వచ్చేస్తుంది. వేళ్ల మధ్య మెల్లగా తిప్పాలి. ఎక్కుతున్న సెలైన్‌లో గ్లూకోజ్ ఉండకూడదు, ఉంటే మందు విరిగిపోతుంది. ఇవన్నీ చూసుకుని ఐదు పది సెకన్లలో మందంతా ఒకేసారి నరంలోకి ఇచ్చేశాం. తర్వాత చేయాల్సింది పక్కన నిలబడి మానిటర్ చూడటమే.

ముప్పై ఐదో నిమిషంలో గుండె లయ ఒక్కసారిగా మారింది. గీతలు వెడల్పుగా, నిదానంగా నడిచాయి. కొత్త నర్సు కంగారుపడి షాక్ మిషన్ దగ్గరికి లాగింది. వద్దన్నాను. రక్తం మళ్లీ పారడం మొదలైనప్పుడు గుండె కొంతసేపు అలా కొట్టుకోవడం మాకు మంచి కబురు. రెండు నిమిషాల్లో సర్దుకుంది. గంటకి మళ్లీ ఈసీజీ తీస్తే పుట్ట దిగిపోయింది. అతను "టీ తాగొచ్చా సార్" అన్నాడు. మధ్యాహ్నానికి తిరుపతి పంపాం. మర్నాటి యాంజియోలో నాళం తెరిచే ఉంది, రక్తం పారుతోంది, గోడ దగ్గర 80 శాతం ఇరుకు మిగిలింది. అక్కడ స్టెంట్ వేశారు. మూడు నెలలకి ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, పంపింగ్ 55 శాతం. అంటే మామూలు మనిషి గుండే.

ఇప్పుడు "మరి కరిగిపోయాక స్టెంట్ ఎందుకు" అన్న దానికి వద్దాం. ఇంజెక్షన్ గడ్డని కరిగిస్తుంది. చిట్లిన గోడని బాగుచేయదు. ఆ పుండు అక్కడే ఉంటుంది, దాని మీద మళ్లీ గడ్డ కట్టవచ్చు. అందుకే ఇంజెక్షన్ ఇచ్చిన రెండు గంటల తర్వాత, 24 గంటల లోపు యాంజియో చేసి అవసరమైతే స్టెంట్ వేయాలి. వెంటనే ఎందుకు చేయరంటే, మందు పూర్తి ప్రభావంలో ఉన్నప్పుడు గబగబా స్టెంట్ వేస్తే మేలు కన్నా కీడే ఎక్కువైంది. 2006లో ప్రచురించిన ఒక పెద్ద అధ్యయనాన్ని అందుకే మధ్యలో ఆపేశారు.

ఇంజెక్షన్ పడింది, నొప్పి పోయింది, ఇక ఇంటికి పోదాం అనుకోవడం పెద్ద పొరపాటు. మీ బావగారి పొరపాటుకి ఇది రెండో వైపు. మా దగ్గర డబ్బు భయంతో, పంట పనులతో ఇలా ఆగిపోయేవాళ్లున్నారు. పది రోజుల తర్వాత అదే గోడకి మళ్లీ గుండెపోటుతో వస్తారు. ఈసారి అంత తేలిగ్గా బయటపడరు.

ఇంకో సంగతి. ఇంజెక్షన్ అందరికీ పనిచేయదు. 2013లో వచ్చిన స్ట్రీమ్ అనే అధ్యయనంలో 1,892 మందిని చూశారు. నొప్పి మొదలైన మూడు గంటల్లోపు వచ్చి, గంటలో స్టెంట్ అందే వీలు లేనివాళ్లు. సగం మందికి ముందు ఇంజెక్షన్ ఇచ్చి తర్వాత యాంజియో, సగం మందిని నేరుగా స్టెంట్‌కి. నెల తిరిగేసరికి చావులు, మళ్లీ గుండెపోట్లు, గుండె చేతులెత్తేయడం ఇవన్నీ కలిపి చూస్తే రెండు జట్లకీ ఇంచుమించు ఒకటే. కానీ ఇంజెక్షన్ జట్టులో 36 శాతం మందికి ఆగే వీలు లేక అప్పటికప్పుడు యాంజియోప్లాస్టీ (తీగ పంపి బెలూన్‌తో నాళం తెరవడం) చేయాల్సి వచ్చింది. అందుకే ఇంజెక్షన్ ఇచ్చిన 60 నుంచి 90 నిమిషాల మధ్య తీసే రెండో ఈసీజీ అంత ముఖ్యం. లేచిన గీత సగమైనా దిగకపోతే, నొప్పి అలాగే ఉంటే, ఇక 24 గంటల లెక్క లేదు. ఆ నిమిషమే బయల్దేరాలి.

ఒకామె, 62 ఏళ్లు, పదిహేనేళ్ల షుగర్. నొప్పి అని చెప్పనే లేదు. ఆయాసం, వాంతి, "ఏదోలా ఉంది నాయనా" అంతే. షుగర్ ఉన్న ఆడవాళ్లలో ఇలా కూడా వస్తుంది, దయచేసి గుర్తుంచుకోండి. ఇంజెక్షన్ ఇచ్చాం. గంటకి ఈసీజీలో గీత రవ్వంత కూడా కదల్లేదు. తిరుపతిలో కార్డియాలజిస్టుకి రెండు ఈసీజీలూ ఫోన్‌లో పంపితే "ల్యాబ్ సిద్ధం చేస్తున్నాను, ఎక్కించండి" అన్నాడు. షాక్ మిషన్ ఉన్న అంబులెన్స్‌లో మా డ్యూటీ డాక్టర్ని తోడు పంపాను. ఘాట్ దిగుతుండగా గుండె కొట్టుకోవడం గాడి తప్పి వణుకులోకి వెళ్లింది. ఒక షాక్, తిరిగి వచ్చింది. చేరిన ఇరవై ఐదు నిమిషాల్లో నాళం తెరిచారు. సొంత కారులో తీసుకెళ్లి ఉంటే ఆ మలుపులోనే అయిపోయేది. గుండెపోటు రోగిని కారు వెనక సీట్లో పడుకోబెట్టి ఎవరూ దూరం తీసుకెళ్లవద్దు. మొదటి గంటల్లో చావులు ఎక్కువగా ఆ వణుకు వల్లే, దానికి మందు షాక్ ఒక్కటే.

మీరు సంతకం గురించి కూడా అడిగారు, "ఏమైనా అయితే మాదే బాధ్యత అని రాయించుకున్నారు, అంత ప్రమాదమా" అని. అవును, ప్రమాదం ఉంది, దాచను. ఈ మందు గుండెలో గడ్డని మాత్రమే ఎంచుకుని కరిగించదు. నూటికి ఒకరికి, అంతకన్నా కొంచెం తక్కువ మందికే, మెదడులో రక్తస్రావం అవుతుంది. నా చేతుల మీదుగా అలా ఇద్దరు పోయారు. ఒకాయనకి 71 ఏళ్లు. గుండె గీతలు చక్కగా దిగాయి, నొప్పి పోయింది, నాలుగు గంటల తర్వాత తలనొప్పి అన్నాడు, మాట తడబడింది. మూడో రోజు పోయాడు. సంతకం పెట్టిన కొడుకు నన్ను నిందించలేదు. "మీరు ముందే చెప్పారు సార్" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా గుండెలో గుచ్చుకునే ఉంది. అయినా మర్నాడు వచ్చిన రోగికి మళ్లీ ఇంజెక్షన్ ఇచ్చాను, ఎందుకంటే లెక్క అటే మొగ్గుతుంది.

అందుకే ఇచ్చే ముందు డాక్టరు వరసగా ప్రశ్నలడుగుతాడు. ఎప్పుడైనా మెదడులో రక్తస్రావం అయిందా, ఈ మధ్య పక్షవాతం వచ్చిందా, తలకి దెబ్బ తగిలిందా, మెదడులో కణితులున్నాయా, నల్లటి విరేచనాలు అవుతున్నాయా, ఈ మధ్య పెద్ద ఆపరేషన్ అయిందా, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా. బీపీ 180/110 దాటి ఉంటే ముందు దించాలి. నొప్పి వీపులోకి చీల్చినట్టు వస్తే మహాధమని చీలిందేమో చూడాలి, దానికి ఈ మందు ఇస్తే ప్రాణం తీసినట్టే. ఆ ఐదు నిమిషాల ప్రశ్నలకి విసుక్కోకుండా నిజం చెప్పండి. 75 దాటినవాళ్లకి టెనెక్టెప్లేజ్ సగం మోతాదే ఇస్తాం, అది కూడా స్ట్రీమ్ అధ్యయనం నుంచి నేర్చుకున్నదే.

నా తప్పు ఒకటి చెప్పకపోతే ఈ సమాధానం నిజాయితీగా ఉండదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే ఊళ్లో, ఒక ఉపాధ్యాయుడు నొప్పి మొదలైన గంటన్నరలో వచ్చాడు. ఈసీజీ స్పష్టంగా ఉంది. గడ్డ కరిగించే పాత మందు స్ట్రెప్టోకైనేజ్ అల్మరాలోనే ఉంది. రక్తస్రావం అయితే బంధువులు ఏం చేస్తారో అని భయపడ్డాను. ఫోన్‌లో వాళ్ల పెదనాన్న కొడుకు "మీరేమీ ముట్టుకోవద్దు, మేం పెద్దాసుపత్రికి తీసుకెళ్తాం" అన్నాడు. నాకు అది సాకైంది. ఆస్పిరిన్ ఇచ్చి పంపేశాను. దారిలోనే పోయాడు. ఆయనకి ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే బతికేవాడని చెప్పలేను. కానీ ఇవ్వకపోవడానికి నా దగ్గర వైద్య కారణం లేదు, భయం ఒక్కటే ఉంది. మీ నాన్నగారికి ఆ తెల్లవారుజామున ఇంజెక్షన్ ఇచ్చిన డాక్టరు ఆ భయాన్ని దాటాడు. అందుకే మీ బావగారి మాట విన్నప్పుడు నాకు బాధేసింది.

ఈ మందు విలువ నిన్నా మొన్నా తెలిసింది కాదు. 1986లో ఇటలీలో పదకొండు వేలకు పైగా రోగులతో చేసిన జిస్సీ అధ్యయనంలో స్ట్రెప్టోకైనేజ్ చావులను తగ్గించింది. నొప్పి మొదలైన మొదటి గంటలోనే అందినవాళ్లలో చావులు దాదాపు సగానికి పడిపోయాయి. రెండేళ్లకి ఐసిస్-2 అనే అధ్యయనం 17,187 మందిలో ఇంకో ముఖ్యమైన సంగతి చూపింది. మామూలు ఆస్పిరిన్ ఒక్కటే గుండె, రక్తనాళాల సంబంధ మరణాలను 23 శాతం తగ్గించింది, స్ట్రెప్టోకైనేజ్ 25 శాతం, రెండూ కలిపితే 42 శాతం. స్ట్రెప్టోకైనేజ్ ఇప్పటికీ వాడతాం. 15 లక్షల యూనిట్లు గంటసేపు ఎక్కిస్తాం. బీపీ పడిపోతుంది కాబట్టి పక్కనే ఉండి చూసుకోవాలి, ఒకసారి ఇచ్చిన మనిషికి మళ్లీ ఇవ్వం. టెనెక్టెప్లేజ్ దానికన్నా చాలా ఖరీదు, వాడటం తేలిక. టెనెక్టెప్లేజ్ లేదని స్ట్రెప్టోకైనేజ్ ఇస్తే మోసపోయామని అనుకోకండి.

చిన్నాసుపత్రిలో ఇంజెక్షన్, పెద్దాసుపత్రిలో యాంజియో అన్న ఈ పద్ధతి మన పక్కనే తమిళనాడులో ఒక పథకంగా పెట్టి లెక్క తేల్చారు. 2,420 మంది రోగులు. చిన్నాసుపత్రులను పెద్దవాటితో ఇలా ముడివేశాక ఏడాదిలోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గాయని 2017లో ప్రచురించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇదే దారి మొదలైంది. చిన్నాసుపత్రిలో తీసిన ఈసీజీ పెద్దాసుపత్రిలో ఉన్న గుండె డాక్టరు చూస్తాడు, ఆయన సరేనంటే టెనెక్టెప్లేజ్ అక్కడికక్కడే ఉచితంగా ఇస్తారు.

మీ బావగారి అనుమానాన్ని నేను కొట్టిపారేయను. అనవసరంగా మందులు ఎక్కించే చోట్లు ఉన్నాయి. ఈ ఇంజెక్షన్ కూడా అందరు గుండెపోటు రోగులకీ కాదు. ఈసీజీలో గీత లేవకుండా, రక్తపరీక్షలో మాత్రమే తేలే గుండెపోటు ఇంకో రకం. అక్కడ నాళం చాలావరకు పూర్తిగా మూసుకుని ఉండదు. ఈ మందు మేలు చేయదు, హాని చేస్తుంది. న్యాయంగా ఇచ్చారో లేదో తేల్చుకోవాలంటే ఫైల్‌లో మూడు చూడండి. మొదటి ఈసీజీ మీద టైము, ఇంజెక్షన్ ఇచ్చిన టైము, గంట తర్వాతి ఈసీజీ. మొదటిదాంట్లో గీత లేచి ఉండి, రెండోదాంట్లో దిగి ఉంటే ఇక వాదనే లేదు. ఆ కాగితాలు ఫోటో తీసి దాచుకోండి, ఈసీజీ అక్షరాలు ఏడాదిలో చెరిగిపోతాయి.

ఇది చదివే మిగతావాళ్ల కోసం కొంచెం. మన దేశంలో 20,468 మంది రోగులతో చేసి 2008లో ప్రచురించిన క్రియేట్ అధ్యయనంలో, నొప్పి మొదలయ్యాక ఆసుపత్రికి చేరడానికి సగటు మనిషికి పట్టింది 360 నిమిషాలు. ఆరు గంటలు! ఇంజెక్షనా స్టెంటా అని మనం వాదించుకునేలోపే పంట సగం ఎండిపోతోంది. ఆ ఆరు గంటలు ఎటు పోతాయో నాకు తెలుసు. ఈనో, సోడా, వాము నీళ్లు, గ్యాస్ మాత్ర, ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్, "తెల్లారాక చూద్దాం". ఛాతీలో బరువుకి చమటలు తోడైతే అది గ్యాస్ అని ఈసీజీ లేకుండా ఎవరూ చెప్పలేరు, నేను కూడా చెప్పలేను. 108కి ఫోన్ చేయండి. ఆస్పిరిన్ పడని మనిషి కాకపోతే, రక్తస్రావం లేకపోతే, 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించండి, మింగించడం కాదు. నాలుక కింద పెట్టే సార్బిట్రేట్ ఎవరో చెప్పారని పెట్టవద్దు. బీపీ తక్కువున్నవాళ్లకి, కొన్ని రకాల గుండెపోట్లలో, మగతనం మాత్రలు వేసుకున్నవాళ్లకి అది మనిషిని కూలబెడుతుంది. గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగుతుందని వాట్సాప్‌లో తిరిగేది నమ్మకండి. మొదటి ఈసీజీ బాగుండి నొప్పి అలాగే ఉంటే పది పదిహేను నిమిషాలకి మళ్లీ తీయమని అడగండి. అలా రెండోదాంట్లో, మూడోదాంట్లో బయటపడినవాళ్లు నా దగ్గర చాలామంది ఉన్నారు.

చివరిగా ఆ రెండో నాళంలో 70 శాతం బ్లాక్ సంగతి. "ఒకేసారి అదీ వేసేసి ఉంటే పోయేది కదా" అని రాశారు. గుండెపోటు తెచ్చిన నాళాన్ని ముందు సరిచేసి, మిగతాది కొన్ని రోజులు ఆగి చేయడం అంగీకరించిన పద్ధతే. నాలుగు వేలకు పైగా రోగులతో చేసిన కంప్లీట్ అనే అధ్యయనం 2019లో వచ్చింది. మిగతా నాళాలను కూడా 45 రోజుల్లోపు తెరిచినవాళ్లలో మూడేళ్లలో చావు లేదా మళ్లీ గుండెపోటు 7.8 శాతం, వదిలేసినవాళ్లలో 10.5 శాతం. కాబట్టి ఆగడం తప్పు కాదు, మర్చిపోవడం తప్పు. "తర్వాత చూద్దాం" అన్నదానికి తారీఖు అడగండి, డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోండి. స్టెంట్ వేశాక ఇచ్చిన రక్తం పలచబడే మాత్రలు రెండూ కలిపి మామూలుగా ఏడాదిపాటు వాడాలి. పంటి ఆపరేషన్ అనో, కడుపులో మంట అనో ఎవరు ఆపమన్నా స్టెంట్ వేసిన డాక్టర్ని అడగకుండా ఒక్క రోజు కూడా ఆపవద్దు. ఆపితే స్టెంట్ లోపలే గడ్డ కట్టవచ్చు. నాన్నగారి మొదటి ఈసీజీ, డిశ్చార్జ్ సమ్మరీ ఇక్కడ పెట్టగలిగితే (పేరు, ఫోన్ నంబరు కనపడకుండా కప్పేసి) చూసి ఇంకేమైనా చెప్పగలనేమో చూస్తాను.